కోసిన చోటే గడ్డ అంచు కనిపించే రోజు: టెరాహెర్ట్జ్ చిత్రాలకు నానో కణాలు చేసే సాయం ఎంత?

ప్రశ్న: కాకినాడ మాస్టారు

నేను కాకినాడలో ఇంటర్మీడియట్ పిల్లలకు ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఈ ప్రశ్న మాత్రం పాఠంలోంచి కాదు, ఇంట్లోంచి పుట్టింది.

పోయిన ఏడాది నా భార్యకు రొమ్ములో గడ్డ ఉందని తేలింది. రొమ్మంతా తీయనక్కరలేదు, గడ్డ వరకు తీస్తే చాలన్నారు. ఆపరేషన్ జరిగింది, దసరాకు ఇంటికి తీసుకొచ్చాం. తొమ్మిదో రోజున పాథాలజీ నివేదిక వచ్చింది. తీసిన ముక్కకు ఒక పక్క అంచు దాకా క్యాన్సర్ కణాలు ఉన్నాయట, అంటే లోపల ఇంకా మిగిలి ఉండవచ్చు. మొదటి కుట్లు మానకముందే రెండో ఆపరేషన్. ఇప్పుడు ఆమె కులాసాగానే ఉంది. కానీ రెండోసారి స్ట్రెచర్ ఎక్కుతూ అడిగిన మాట నన్ను వదలడం లేదు: "మొదటిసారి కోసినప్పుడే చూసుకుని ఉండకూడదా?"

అప్పటి నుంచి దొరికినదల్లా చదువుతున్నాను. మైక్రోవేవ్‌కూ పరారుణానికీ మధ్య ఉండే టెరాహెర్ట్జ్ తరంగాలతో అంచును అక్కడికక్కడే చూడవచ్చని, అవి ఎక్స్-కిరణాల్లా హాని చేయవని తెలిసింది. నీటిలో దూరలేవని కూడా అక్కడే ఉంది. మన ఒళ్లంతా నీరే కదా! నీరు ఆపేసే తరంగంతో ఒంటిని చూడటం ఎలా? బంగారు నానో కణాలు ఆ ఇబ్బంది తీరుస్తాయని ఒక వ్యాసంలో రాశారు, ఎలాగో రాయలేదు. బంగారం కలిపితే నీరు దారి ఇస్తుందా? ఈ పనిలో ఉన్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: గోదావరి లంక

మాస్టారూ, మీ శ్రీమతి గారి ప్రశ్నే ఈ రంగంలో ఉన్న మా అందరి ప్రశ్న. నేను ఆరేళ్లు టెరాహెర్ట్జ్ ప్రయోగశాలలో పనిచేశాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు ఆ వ్యాసాన్ని సరిదిద్దాలి. నానో కణాలు నీటి అడ్డు తీయవు. బంగారమైనా మరొకటైనా ఆ పని చేయలేదు. అవి చేసేది వేరే పని, దానికి వస్తాను.

పిల్లలకు ఈ లెక్క చూపించండి. ఒక టెరాహెర్ట్జ్ అంటే సెకనుకు లక్ష కోట్ల కంపనాలు, తరంగదైర్ఘ్యం 0.3 మిల్లీమీటరు. ఫోటాన్ శక్తి సుమారు 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. నీటి అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయాలంటే 12.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, అంటే దాదాపు మూడు వేల రెట్లు. అందుకే అయనీకరణ భయం లేదు. ఇక నీటి సంగతి: ఇదే పౌనఃపున్యం దగ్గర మంచినీటిలో 45 మైక్రాన్లు వెళ్లేసరికి తరంగం తీవ్రత మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. తల వెంట్రుక మందం కూడా లేదది. చర్మంలోకి కొన్ని వందల మైక్రాన్లు పోతుంది. కొవ్వులో నీరు తక్కువ కాబట్టి కొన్ని మిల్లీమీటర్లు పోతుంది. ఎం.ఆర్.ఐ. లాగా ఒంటి లోతులు చూసే యంత్రం ఇది ఎప్పటికీ కాదు. చర్మం, కంటి కార్నియా, కాలిన గాయం, కోసి తీసిన ముక్క అంచు, ఇవే దీనికి తగిన చోట్లు.

నీరు ఈ తరంగాన్ని ఎంత పట్టుకుంటుందో నేను పుస్తకంలో కాక వర్షాకాలంలో నేర్చుకున్నాను. మా తరంగం గాలిలో అరమీటరు దూరం నడిచేది. శ్రావణమాసం వస్తే చాలు, గ్రాఫు మీద 0.557, 0.752, 0.988 టెరాహెర్ట్జ్‌ల దగ్గర రంపపు పళ్లలా గాట్లు పడేవి. అవి గాలిలోని నీటి ఆవిరి గుర్తులు. అందుకే పరికరం చుట్టూ అద్దపు పెట్టె కట్టి, పొడి నత్రజని వదిలి, తేమ కొలిచే మీటరు అయిదు శాతం కిందికి దిగేదాకా ముళ్ల మీద కూర్చున్నట్టు ఎదురుచూసేవాళ్లం.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఒకసారి కోడి మాంసం ముక్కను, దాని చర్మం కింది కొవ్వుతో సహా, బిందువు తరువాత బిందువుగా స్కాన్ చేశాను. నలభై నిమిషాల పని. చిత్రంలో మాంసం ఒక కొస నుంచి రెండో కొసకు మెల్లగా మారుతూ వచ్చింది. కండలో ఏదో కొత్త సంగతి దొరికిందని రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు మరో ముక్కను అటుదిటు తిప్పి పెట్టాను. మార్పు అదే దిక్కున వచ్చింది, అంటే స్కాన్ నడిచిన దిక్కున. పొడి నత్రజనిలో ఆ నలభై నిమిషాలకే మాంసం పైతడి ఆరిపోతోంది! నేను చూసింది కండను కాదు, ఆరిపోవడాన్ని.

బాధపడ్డాను కానీ ఈ తరంగం విలువ నాకు అర్థమైంది ఆ రోజే. కంటికి తెలియని తడి తేడాను అది పట్టేస్తోంది. 1995లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో బిన్‌బిన్ హూ, మార్టిన్ నస్ మొదటి టెరాహెర్ట్జ్ చిత్రాలు తీసినప్పుడు ఎంచుకున్న వాటిలో ఒకటి చెట్టు ఆకు. అప్పుడే కోసిన ఆకును, వాడిన తరువాత అదే ఆకును తీసి, నీరు ఎక్కడెక్కడ తగ్గిందో చూపించారు. క్యాన్సర్ కణజాలంలో సాధారణంగా నీరు ఎక్కువ, అల్లిక కూడా వేరు. కొవ్వు మధ్య గడ్డ ఈ తరంగానికి స్పష్టంగా తేడాగా కనిపిస్తుంది. అంటే ఏ నీరు అడ్డుపడుతోందో ఆ నీరే ఆనవాలు కూడా.

ఇప్పుడు బంగారం. 2009లో దక్షిణ కొరియాలోని సియోల్ పరిశోధకులు బంగారు నానో కడ్డీలను క్యాన్సర్ కణాల్లోకి పంపి, వాటి మీద పరారుణ లేజర్ వేశారు. పదుల నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) పొడవుండే ఈ కడ్డీలలో ఎలక్ట్రాన్లన్నీ ఆ లేజర్ తాళానికి కలిసి ఊగుతాయి. దాన్నే ప్లాస్మాన్ అనునాదం అంటారు. ఊగి ఆ శక్తిని వేడిగా వదిలేస్తాయి, చుట్టూ ఉన్న నీరు కాస్త వేడెక్కుతుంది. నీటి ఉష్ణోగ్రత మారితే అది టెరాహెర్ట్జ్ తరంగాన్ని పరావర్తనం చేసే తీరు మారుతుంది. లేజర్ ఆపి ఒక కొలత, వేసి ఒక కొలత తీసుకుని, ఒకదానిలోంచి మరొకటి తీసేస్తే, కడ్డీలు లేని చోటంతా కొట్టుకుపోతుంది, కడ్డీలు ఉన్న చోటు మాత్రం మిగులుతుంది. క్యాన్సర్ కణాలను వెతికి పట్టుకునే యాంటీబాడీని కడ్డీలకు తగిలిస్తే గడ్డ ఉన్న చోటు తేలుతుంది. 2011 నాటికి బతికున్న ఎలుకల్లో కూడా చేసి చూపించారు. జాతరలో మన మనిషిని చేయెత్తమంటే గుర్తుపడతాం కదా, అలాగన్నమాట. నీరు అంతటా నీరే, కానీ గడ్డ దగ్గరి నీరు మాత్రం చేయెత్తుతుంది.

అయితే నన్నడిగితే నానో అసలు సాయం ఒంట్లో కంటే ముందు యంత్రంలో. దీని గురించి పత్రికలు రాయవు, నాకు అది బాధ.

తరంగం పుట్టించే భాగం ఇలా ఉంటుంది: పల్చటి గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకపు బిళ్ల మీద రెండు ఎలక్ట్రోడ్లు, మధ్యలో ఖాళీ, దాని మీద సెకనులో లక్ష కోట్ల వంతు కంటే తక్కువ సేపు ఉండే లేజర్ మెరుపు. ఎలక్ట్రాన్లు పుట్టి ఎలక్ట్రోడు వైపు పరిగెడతాయి, ఆ ఉలికిపాటే టెరాహెర్ట్జ్ తరంగం. కష్టమంతా దూరంలో ఉంది. ఆ ఒక్క పికోసెకనులో, అంటే సెకనులో లక్ష కోట్ల వంతులో, ఎలక్ట్రాన్ పోగలిగేది సుమారు 100 నానోమీటర్లు, ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీయేమో కొన్ని మైక్రాన్లు. ఎక్కువ ఎలక్ట్రాన్లు దారిలోనే మిగిలిపోతాయి. మాది కోనసీమ కాబట్టి నాకు ఇది మా నాన్న వరి చేనులా కనిపిస్తుంది. వంతు నీరు వచ్చేది కొద్దిసేపే. కాలువ గట్టు పక్క మడులు తడుస్తాయి, అవతలి మడులకు చేరకముందే తూము మూసేస్తారు. అందుకే చేనంతా బోదెలు తీస్తాం. మోనా జర్రాహీ బృందం అమెరికాలో చేసింది అచ్చంగా అదే: ఎలక్ట్రోడును 100 నానోమీటర్ల వెడల్పు బంగారు చారలుగా చీల్చి, ఎలక్ట్రాన్ ఎక్కడ పుట్టినా పక్కనే ఒక చార ఉండేలా పరిచారు. 2013లో ప్రచురించిన ఫలితం ప్రకారం తరంగం శక్తి 50 రెట్ల వరకు, అదే పద్ధతిని తరంగాన్ని అందుకునే గ్రాహకంలో పెడితే సున్నితత్వం 30 రెట్ల వరకు పెరిగాయి.

నా నలభై నిమిషాల కోడి ముక్కను తలుచుకోండి. సంకేతం బలపడితే ఒక్కో బిందువు దగ్గర ఆగే సేపు తగ్గుతుంది, తడి ఆరకముందే చిత్రం పూర్తవుతుంది. ఆపరేషన్ బల్ల పక్కన కావలసింది ఇదే.

జవాబు: పాథాలజీ డాక్టర్, గుంటూరు

మాస్టారు గారూ, మీ ఇంట్లో పడిన ఇబ్బందికి మా వైపు కారణం చెబుతాను. తీసిన ముక్క చుట్టూ రంగు సిరా పూసి, ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో దించి, పల్చగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపు కింద చూడాలి. రొమ్ము ముక్కలో కొవ్వు ఎక్కువ, ఫార్మలిన్ లోపలికి ఇంకడానికే సమయం కావాలి. ఆపరేషన్ జరుగుతుండగానే గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్ సెక్షన్ ఉంది కానీ, మైనస్ 20 డిగ్రీల దగ్గర కొవ్వు సరిగా గట్టిపడదు. బ్లేడు కింద జారిపోతుంది, చిరిగిపోతుంది. పైగా అంచు మొత్తం చూడలేం, అక్కడక్కడా నాలుగు ముక్కలు చూస్తాం.

గోదావరి లంక గారిని ఒకటి అడగాలి. కొవ్వుకీ గడ్డకీ తేడా కనిపిస్తుందన్నారు, మంచిదే. నాకు చిక్కు కొవ్వుతో కాదు. వయసులో ఉన్న ఆడవాళ్ల రొమ్ములో గ్రంథి, పీచు కణజాలం దట్టంగా ఉంటుంది. అందులోనూ నీరు ఎక్కువే. దానికీ గడ్డకీ తేడా మీ తరంగం చెప్పగలదా? చెప్పలేకపోతే ఆపరేషన్ గదిలో దానితో నాకు పని లేదు.

జవాబు: గోదావరి లంక

డాక్టర్ గారూ, సరిగ్గా నొప్పి ఉన్న చోటే వేలు పెట్టారు. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో చేతితో పట్టుకునే టెరాహెర్ట్జ్ పరికరంతో, అప్పుడే తీసిన 46 రొమ్ము ముక్కల మీద పరీక్షలు చేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. గడ్డను, మామూలు కణజాలాన్ని వేరుచేయడంలో కచ్చితత్వం 75 శాతం దాకా వచ్చింది. పొరపాట్లు ఎక్కువగా మీరన్న పీచు కణజాలం దగ్గరే. రెంటికీ నీటి లెక్క దగ్గర దగ్గరగా ఉంటే తరంగం మాత్రం ఏం చేస్తుంది! నాలుగింట ఒకటి తప్పయితే నేనూ నా అక్కను ఆ పరికరానికి అప్పగించను.

యాంటీబాడీ తగిలించిన కడ్డీల మీద నా ఆశ అందుకే. నీరు ఎంత ఉందన్నది కాక, కణం పైన ఏ ప్రోటీన్ ఉందన్నది చెప్పగలిగేది అవే. యంత్రంలోని నానో వేగం ఇస్తుంది, కడ్డీల నానో గుర్తింపు ఇస్తుంది. కానీ ఆ రెండోది మనిషి ఒంట్లోకి ఎక్కించడానికి తొందరపడకూడదని నా అభిప్రాయం.

జవాబు: బంగారు కడ్డీలు చేసేవాణ్ణి, హైదరాబాద్

ఆ తొందర ఎందుకు కూడదో నేను చెప్పగలను, నాలుగేళ్లుగా ఇవే తయారుచేస్తున్నాను. మంచులో పెట్టిన సోడియం బోరోహైడ్రైడ్‌ను బంగారు లవణంలో ఒక్కసారిగా పోస్తే పల్చటి టీ రంగులో విత్తన కణాలు వస్తాయి. ఇంకో సీసాలో పసుపు రంగు బంగారు ద్రావణం ఉంటుంది. అందులో విటమిన్ సి వేయగానే రంగు పోయి నీళ్లలా అవుతుంది. దానిలో ఆ విత్తనం కాస్త వేసి కదపకుండా ఉంచితే పావుగంటకో అరగంటకో రంగు మళ్లీ ఊరుతుంది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఇంతకూ కణం గుండ్రంగా కాక కడ్డీలా పెరగడానికి సీటాబ్ అనే సబ్బు లాంటి పదార్థం కావాలి. చలికాలం పొద్దున ల్యాబ్ తెరిస్తే అది సీసాలో తెల్లటి సూదుల్లా పేరుకుని ఉంటుంది, గోరువెచ్చటి నీళ్లలో పెట్టి కరిగించాలి. ఈ సీటాబ్ జీవకణాలకు విషం. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కడిగి, దాని స్థానంలో పాలీ ఇథిలీన్ గ్లైకాల్ పొర తొడిగితేనే జీవకణాల జోలికి పోవచ్చు. ఒకసారి నేను ఎక్కువ కడిగాను. కడ్డీలన్నీ ఒకదానికొకటి అతుక్కుని అడుగున నల్లటి మసిలా దిగాయి. వారం రోజుల పని పోయింది.

ఒంట్లోకి పోయాక ఇంకో చిక్కు. సుమారు 6 నానోమీటర్ల లోపు కణాలే మూత్రపిండాల ద్వారా బయటికి పోతాయి. మన కడ్డీ 40 నానోమీటర్ల పొడవు. అది కాలేయంలోనూ ప్లీహంలోనూ చేరి నెలల తరబడి ఉండిపోతుంది.

అందుకే ఒక మాట. మాస్టారి అవసరం తీసిన ముక్క అంచు చూడటమే కదా. అలాంటప్పుడు కడ్డీలను ముక్క మీదే పూసి, కడిగి, చూడవచ్చు కదా? రోగి ఒంట్లోకి ఏదీ ఎక్కించనక్కరలేదు.

జవాబు: గోదావరి లంక

మంచి దారి చెప్పారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. చిక్కల్లా కడగడంలో. కోసిన ముక్క పైభాగం ఎగుడుదిగుడుగా, రక్తంతో జిగటగా ఉంటుంది. యాంటీబాడీ పట్టుకున్నందుకు ఆగిన కడ్డీ ఏది, సందులో ఇరుక్కున్నందుకు ఆగింది ఏదన్నది తేల్చాలి. దానికి యాంటీబాడీ లేని మరో రకం కడ్డీలను కూడా కలిపి పూసి, రెండూ పోల్చి చూడాలి. టెరాహెర్ట్జ్‌లో రెండు రకాల కడ్డీలకు రెండు వేర్వేరు లేజర్ రంగులు వాడవచ్చు, ఎందుకంటే కడ్డీ పొడవు మారితే అది పట్టుకునే రంగు మారుతుంది. మీరు రెండు పొడవుల్లో చేయగలరా? నిజంగానే అడుగుతున్నాను.

జవాబు: బంగారు కడ్డీలు చేసేవాణ్ణి, హైదరాబాద్

చేయగలను. వెండి నైట్రేట్ పాళ్లు మారిస్తే చాలు. మీకు విడిగా సందేశం పంపుతున్నాను.

జవాబు: కాకినాడ మాస్టారు

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. ఇదంతా నా భార్యకు చదివి వినిపించాను. కొవ్వు బ్లేడు కింద జారిపోతుందన్న మాట దగ్గర ఆగి, "అంటే వాళ్ల నిర్లక్ష్యం కాదన్నమాట" అంది. ఏడాదిగా ఆ అనుమానం ఆమె మనసులో ఉందని నాకు ఈరోజే తెలిసింది.

గురువారం రెండో సంవత్సరం పిల్లలకు 45 మైక్రాన్ల లెక్క చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "నీరు ఆపుతుంటే గడ్డకట్టించి చూడవచ్చు కదా సర్?" అంది. నాకు జవాబు తెలియలేదు. మీరు చెబితే సోమవారం ఆ అమ్మాయికి చెబుతాను.

జవాబు: గోదావరి లంక

మాస్టారూ, ఆ అమ్మాయి మాట నిజం! మంచుగడ్డ టెరాహెర్ట్జ్ తరంగాన్ని ద్రవంగా ఉన్న నీటికంటే చాలా తక్కువగా పట్టుకుంటుంది. గడ్డకట్టించిన కణజాలంలో తరంగం మిల్లీమీటర్ల లోతు దాకా పోతుందని ప్రయోగశాలల్లో చూశారు. మనిషిని గడ్డకట్టించలేం కానీ తీసిన ముక్కను కట్టించవచ్చు, డాక్టర్ గారి గదిలో ఆ చల్లటి పెట్టె ఇప్పటికే ఉంది. పైగా బ్లేడుతో కోయనక్కరలేదు కాబట్టి కొవ్వు జారిపోయే బాధ లేదు. పోగొట్టుకునేదీ ఉంది: నీటి తేడా వల్ల వచ్చే స్పష్టత చాలావరకు తగ్గుతుంది, బంగారు కడ్డీలతో నీటిని వేడిచేసి చూసే పద్ధతి అక్కడ పనికిరాదు. కాబట్టి లోతు కావాలా, గుర్తింపు కావాలా అన్నది ఎంచుకోవాలి.

కారణం కూడా చెప్పండి. ద్రవంలో నీటి అణువులు తరంగంతో పాటు తిరగగలవు, తిరిగి శక్తిని లాక్కుంటాయి. మంచులో అవి బిగుసుకుని ఉంటాయి. మీ దగ్గర టెరాహెర్ట్జ్ పరికరం లేకపోయినా ఇది చూపించవచ్చు. మైక్రోవేవ్ పౌనఃపున్యం దీనికి 400 రెట్లు తక్కువైనా, నీటికీ మంచుకూ మధ్య తేడా అక్కడా ఉంది. ఎవరింట్లోనైనా మైక్రోవేవ్ పొయ్యి ఉంటే ఒక కప్పులో ఐసు ముక్కలు, ఇంకో కప్పులో అంతే బరువు చల్లటి నీళ్లు పక్కపక్కన పెట్టి అర నిమిషం నడపండి. నీళ్లు వేడెక్కుతాయి, ఐసు చాలావరకు అలాగే ఉంటుంది. ఐసును ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి పెట్టమనండి, పైన తడి ఉంటే కరగడం అక్కడి నుంచే మొదలవుతుంది.